లేని పంటి నొప్పి

నిడుగల్లు
14-2-1988

తమ్ముడు సంజీవప్పకు,

దీవెనలు ముందు పెడుతున్నాను, తిట్లు వెనక వస్తున్నాయి. రెండూ తీసుకో.

నీ ఉత్తరం అందింది. గుండెకు నెత్తురు అందించే నాళాలు గట్టిపడ్డాయని బెంగుళూరు డాక్టరు చెప్పాడని రాశావు. అది చదివి వినిపిస్తే మీ నరసప్ప బావ గొర్రెలు తోలుకుపోవడం మరిచి అరుగు మీద కూలబడ్డాడు. నాకు మాత్రం భయం వేయలేదు, కోపం వచ్చింది. మన ఇంట్లో ఎవరికి ఉందిరా ఈ జబ్బు? ఇది దొరలకు వచ్చే జబ్బు. మిల్లు స్టోరులో కుర్చీ వేసుకుని కూర్చుంటావు. పొద్దున వెన్న దోసె, సాయంత్రం బోండాలు, నడుమ నడుమ సిగరెట్టు. పని లేక నీ నాళాలు బిగుసుకున్నాయి. ఇక్కడికి వచ్చి మాతోపాటు నాలుగు నాళ్ళు మట్టి మోస్తే అవే మెత్తబడతాయి.

మట్టి ఎందుకంటావేమో. ఈ ఏడు కూడా వాన ముఖం చూపలేదు. చెనక్కాయ చేలన్నీ బీళ్ళుగా పడి ఉన్నాయి. కరువు పనుల కింద సర్కారు వాళ్ళు చెరువులో పూడిక తీయిస్తున్నారు. అడుగున తవ్విన మట్టి గంపకెత్తుకుని కట్ట మీద పోయాలి. మా ఆడవాళ్ళ గుంపుకు పెద్దను నేనే. పావగడ నుంచి వచ్చిన ఇంజినీరు కట్ట మీద నిలబడి, "ఈ గుంపు ఎవరిది?" అని అడిగాడు. "ఓబక్క గుంపు సార్, వీళ్ళకు చెప్పే పనే ఉండదు" అన్నాడు మేస్త్రి. ఆ రోజు గంప బరువే తెలియలేదు నాకు.

ఒక్కటే చిక్కు. గంపతో కట్ట ఎక్కుతుంటే ఎడమ పక్క కింది దవడలో పన్ను ఒకటి లాగుతోంది. గంప దించి కాసేపు కూర్చుంటే పోతుంది. పుచ్చిందేమో. నా పళ్ళ సంగతి నీకు తెలుసు కదా. చెనక్కాయలు సరిగ్గా ఆరాయో లేదో తేల్చడానికి అమ్మే రైతూ, కొనే షావుకారూ ఇద్దరూ నన్నే పిలుస్తారు. ఒక గింజ కొరికి, అది విరిగిన చప్పుడు విని, "ఆరినాయి, మూటలు కట్టండి" అంటే ఆ మాటకు ఎదురు లేదు. ఈ పళ్ళతో నేను తెచ్చుకున్న మర్యాద ఊళ్ళో ఎంతమందికి ఉంది? ఈసారి సంతకు పోయినప్పుడు పళ్ళు పీకే బోరన్నకు చూపించుకుంటాను.

మరదలు గంగాదేవితో చెప్పు, నెయ్యి డబ్బాను అటక ఎక్కించి నిచ్చెన ఎక్కడైనా దాచిపెట్టమని.

ఏ జబ్బూ లేని నీ అక్క,
ఓబక్క

*

బెంగుళూరు
2-3-1988

అక్కా,

దండాలు. నీ తిట్లు ఒక్కటీ దారిలో ఒలికిపోకుండా భద్రంగా అందాయి. గంగాదేవికి చదివి వినిపించాను. నెయ్యి డబ్బా గురించి నువ్వు రాసినది చట్టం అన్నట్టు అప్పుడే అమలు చేసింది.

డాక్టరు చెప్పినది నీకు అర్థమయ్యేలా రాస్తాను. గుండె ఒళ్ళంతటికీ నెత్తురు పంపుతుంది గానీ, దానికీ నెత్తురు కావాలి కదా. అది తెచ్చే నాళాల లోపల ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుని, గోడలు బిరుసెక్కి, దారి సన్నబడుతుందట. ఊరికే కూర్చున్నప్పుడు ఆ సన్నదారిలో వచ్చే నెత్తురు సరిపోతుంది. మెట్లెక్కినప్పుడు గుండె ఇంకా ఇమ్మంటుంది, దారి ఇవ్వలేదు. అప్పుడు నొప్పి. నాకైతే ఎద మీద ఎవరో మోకాలు మోపి నొక్కినట్టు ఉంటుంది. ఆగితే తగ్గుతుంది. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చారు.

నొప్పి కన్నా నాకు సిగ్గు ఎక్కువగా ఉంది అక్కా. మిల్లులో నన్ను నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. నిన్న మొన్న చేరినవాళ్ళు నా చేతిలో నూలు కట్ట లాక్కుని, "మీరు కూర్చోండి" అంటున్నారు. ఆ మాట వింటే చెంప మీద కొట్టినట్టు ఉంటుంది.

డాక్టరు ఒకటి అడిగాడు, నేను జవాబు చెప్పలేకపోయాను. మన నాయన ఎలా పోయాడని. నేను అప్పుడు మడకశిర బడిలో ఉన్నాను. నువ్వు కళ్ళంలోనే ఉన్నావు. ఏం జరిగిందో రాయి.

పంటికి లవంగం పెట్టుకో, ఉప్పునీళ్ళు పుక్కిలించు. బోరన్న పటకారుకు మాత్రం నోరు అప్పజెప్పకు.

మెల్లగా నడవడం నేర్చుకుంటున్న నీ తమ్ముడు,
సంజీవప్ప

*

నిడుగల్లు
10-4-1988

సంజీవా,

అక్క దీవెనలు. పటకారుకు అప్పజెప్పవద్దన్న నీ మాట చేరేలోపలే పని అయిపోయింది.

బోరన్న పన్ను పీకి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఓబక్కా, ఇది ఎముక మాదిరి ఉండాదే. పుప్పి లేదు, ఏమీ లేదు. దీన్ని ఎందుకు పీకమంటివి?" అన్నాడు. "నొచ్చేది నాకా, నీకా?" అన్నాను. నోట్లోంచి ఒక్క మూలుగు రానివ్వలేదు. నా వెనక వరుసలో ఉన్న తిరుమణి ఊరి మనిషి అది చూసి, నాకే ఏడుపు రాకపోతే తనకెందుకని ధైర్యం తెచ్చుకుని కూర్చున్నాడు.

అయితే నొప్పి పోలేదు. మళ్ళీ కట్ట ఎక్కగానే అదే చోట. బోరన్న దగ్గరికి పోతే, "పక్క పన్నుదేమో, ఒకదాన్ని ఆనుకోని ఒకటి ఉంటాయి గదా" అన్నాడు. దాన్నీ తీయించేశాను. అదీ గట్టి పన్నే. వక్కాకు వేసుకుని, పొగాకు కాస్త ఎక్కువ దట్టించుకుంటే చిగురు మొద్దుబారి హాయిగా ఉంటోంది.

నాయన సంగతి అడిగావు. మీ డాక్టరుకు చెప్పు, మా నాయన ఒక్క రోజైనా మంచం పట్టిన మనిషి కాదని. ఆ రోజు కళ్ళంలో మూటలన్నీ బండికి ఎత్తించినవాడు ఆయనే. ఆఖరి మూట వేసి, ఎడమ భుజం రుద్దుకుంటూ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. "ఒగ చెంబు నీళ్ళు తేమ్మా" అన్నాడు. నేను నీళ్ళు తెచ్చేసరికి తల వాల్చేశాడు. మిట్టమధ్యాహ్నం కళ్ళంలో ఏదో గాలి సోకిందన్నారు పెద్దలు. జబ్బుతో పోయినవాడు కాదు, పనిలో పోయినవాడు. బండి నింపి పోయాడని ఇప్పటికీ ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. అది జబ్బు లెక్కలో రాయించావంటే ఊరుకోను.

నూలు కట్ట లాక్కున్నారని ఏడవకు. లాక్కున్నవాడి చెవి మెలివేయి. మెలేస్తే ఎద నొప్పి రాదులే.

నీ అక్క,
ఓబక్క

*

బెంగుళూరు
5-6-1988

అక్కా, అక్కా,

ఈ ఉత్తరం కంటే ముందే నీకు కబురు అంది ఉంటుంది. మన ఊరికి వచ్చే బస్సు కండక్టరు ఆంజనప్పతో చెప్పి పంపాను. అయినా వివరంగా రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఈ పొద్దు ఆసుపత్రిలో నా ముందు ఒక మనిషి కూర్చున్నాడు. మార్కెట్లో మూటలు మోసే హమాలీ, మడకశిర వైపువాడే, చెరుకుగడలా సన్నగా ఉన్నాడు. లోపల డాక్టరుకు చెబుతుంటే నాకు వినబడింది. "ఎదలో ఏమీ లేదు సార్. మూట ఎత్తుకోని మెట్లెక్కితే దవడ లాగుతుండాది. మూట దించి కూచుంటే పోతుంది." డాక్టరు నవ్వలేదు. తీగలు పెట్టి గుండె పటం తీయించి, వెంటనే పడక ఇచ్చేశాడు.

నా వంతు వచ్చాక అడిగాను, దవడకూ గుండెకూ ఏమిటి సంబంధం అని. గుండె నొప్పి ఎప్పుడూ ఎదలోనే రావాలని లేదట. భుజంలో, చేతిలో, వీపులో, దవడలో, పళ్ళలో కూడా తేలుతుందట. "అంత సన్నటి మనిషికి ఎట్లా వస్తుంది సార్?" అన్నాను. "సన్నగా ఉన్నవాళ్ళకు రాదని ఎవరు చెప్పారు? పొగాకు చాలు. రక్తపోటు చాలు. ఇంట్లో పెద్దలకు ఉంటే చాలు" అన్నాడు. నాయన సంగతి నువ్వు రాసినట్టే చెప్పాను. డాక్టరు కలం కింద పెట్టి, "మీ అక్క ఎక్కడ ఉంటుంది?" అని అడిగాడు.

నీ మొదటి ఉత్తరంలోనే అంతా ఉంది అక్కా. కట్ట ఎక్కితే నొప్పి, గంప దించితే లేదు. నాకు డాక్టరు చెప్పినది నీకు వివరంగా రాసి, అదే ఉత్తరంలో లవంగం పెట్టుకోమన్నాను. ఇంతకన్నా మొద్దు తమ్ముడు ఉంటాడా?

బరువు ఎత్తకు. పొగాకు ఈ క్షణమే ఊసెయ్. బావను తీసుకుని మొదటి బస్సుకు రా. ఇంకో పన్ను పీకించుకున్నావంటే నా మీద ఒట్టే.

నీ తమ్ముడు,
సంజీవప్ప

*

నిడుగల్లు
12-6-1988

సంజీవప్పగారికి,

తమరి కబురు అందింది. నాకు ఒక్కదానికే కాదు, ఊరంతటికీ అందింది.

మొదటి వాన పడింది. మూడేళ్ళ తర్వాత నేల నానింది. విత్తనాలు ఒలిపించుకోవాలని రైతులందరూ బస్సు ఆగే చోట నిలబడి కూలివాళ్ళను మాట్లాడుకుంటున్నారు. అప్పుడు బస్సు వచ్చింది. మీ ఆంజనప్ప దిగను కూడా దిగలేదు. మెట్టు మీద వేలాడుతూనే అరిచాడు. "ఓబక్కా! నీకు పంటినొప్పి కాదంట, గుండెజబ్బంట! మీ తమ్ముడు బిర్నా బయల్దేరి రమ్మన్యాడు!" అని అరిచి, రైట్ రైట్ అంటూ వెళ్ళిపోయాడు.

అక్కడ హనుమంతరాయుడు ఉన్నాడు. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ చెనక్కాయ వేసే ఆసామి. ఆయన విత్తనం ఒలిచే పని ఏటా నా గుంపుదే. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, మంచి మనిషి కాబట్టి మెల్లగానే చెప్పాడు. "ఓబక్కా, నువ్వు ఇంట్లో ఉండు. నీకు ఏమన్నా అయితే నా మీదికి వస్తాది. ఈ తూరి ముత్తక్కను పెద్దగా పెట్టుకుంటా." ముత్తక్కకు పని నేర్పిందే నేను. తను నా గడప దాకా వచ్చి, లోపలికి రాలేక తిరిగి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అందరూ వచ్చి నా ముఖం కేసి చూసి, మజ్జిగ ఇచ్చి పోతున్నారు. నీళ్ళ కాడ బిందె ఎత్తబోతే పది చేతులు అడ్డం వస్తున్నాయి. ఇన్నేళ్ళు నేను ఒకరికి గంప ఎత్తించాను గానీ నా గంప ఒకరి చేత ఎత్తించుకోలేదు. ఈ పేరు సంపాదించడానికి నాకు ఒక జన్మ పట్టింది. మీకు ఒక బస్సు సరిపోయింది.

మూడో పన్ను కూడా పీకించేశాను. మీరు ఒట్టు పెట్టిన ఉత్తరం తర్వాత వచ్చింది. ముందే వచ్చినా పీకించేదాన్నే.

ఇక ఉత్తరాలు రాయనవసరం లేదు.

ఓబమ్మ,
నరసప్ప భార్య

*

బెంగుళూరు
20-6-1988

అక్కా,

నువ్వు "గారు" అని రాసిన చోట కాగితం చిరిగేలా కలం నొక్కావు. గంగాదేవి అది చూసి కళ్ళు తుడుచుకుంది.

ఆంజనప్పను బస్టాండులో పట్టుకుని కడిగేశాను. "నేను మెల్లగా చెప్పుంటే ఆమె వినేదా అన్నా?" అన్నాడు. తప్పు వాడిది కాదు, నాదే. ఆడమనిషికి సంబంధించిన మాట, అందులోనూ నీ మాట, బస్సు మెట్టు మీద పెట్టి పంపాను. నీ కాళ్ళు పట్టుకుంటున్నాను.

కానీ ఒక్కటి చెప్పనీ. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి నువ్వు. నీ పేరు పోయిందని నీకు ఎంత మంటగా ఉందో నాకు తెలుసు, నన్నూ కుర్చీలో కూర్చోబెట్టారు కదా. అయినా నాకు నీ పేరు వద్దు, నువ్వు కావాలి. నాయన పోయినట్టు నువ్వు ఏ గట్టు మీదనో కూర్చుని నీళ్ళు అడిగితే, గొప్పగా పోయిందని ఊరు చెప్పుకుంటుంది. ఆ గొప్ప నాకు అక్కర్లేదు.

రాకపోతే నేనే వస్తాను. డాక్టరు వద్దన్నా వస్తాను.

సంజీవప్ప

*

నిడుగల్లు
28-8-1988

తమ్ముడా,

రెండు నెలలు రాయకుండా ఉన్నాను. నువ్వు రాసిన మూడు ఉత్తరాలూ చదివాను, జవాబివ్వలేదు. ఇప్పుడు రాస్తున్నది ఓడిపోయి కాదు, అది ముందే చెబుతున్నాను.

ఈ ఏడు చేలు చూస్తే నీ కడుపు నిండిపోతుంది. చెనక్కాయ పూత పట్టి, నేలలోకి ఊడలు దింపుతోంది. హనుమంతరాయుడి పై చేను కోటగుట్ట వాలులో ఉంది కదా, అక్కడికి బండి పోదు. జిప్సం ఎరువు చల్లాలంటే నెత్తిన మోయాల్సిందే. ఎవరూ పిలవకుండానే పోయాను. ఊరి నోరు మూయించాలంటే ఇదే దారి అనుకున్నాను. అందరికన్నా పెద్ద గంప నింపించుకుని, అందరికన్నా ముందు ఎక్కడం మొదలుపెట్టాను. ముత్తక్క వెనకనుంచి, "అక్కా, వద్దు. నీకు దండం పెడతా, దించు" అంటూనే ఉంది. తిరిగి చూడలేదు.

బాట మలుపు తిరిగే చోట దవడ లాగింది. ఎడమ పక్క, కింద. అలవాటుగా నాలుక పెట్టి తడిమాను. అక్కడ పన్ను లేదు. మూడు పళ్ళ సందు. చిగురు మానిపోయి నున్నగా ఉంది. నొక్కితే నొప్పి లేదు. అయినా పన్ను నొస్తోంది.

లేని పన్ను ఎట్లా నొస్తుంది సంజీవా?

ఆ మాట ఒక్కటే తలలో తిరిగింది. నువ్వు చెబితే నమ్మలేదు, డాక్టరు చెబితే నమ్మలేదు, నా నాలుక చెబితే ఎట్లా కాదనను? గంప దించాను. దించానని కూడా తెలియలేదు, చూస్తే కింద ఉంది. చెమటలు పట్టాయి. చెయ్యి తనంతట తానే ఎడమ భుజం మీదికి పోయింది. నాయన చెయ్యి పెట్టుకున్న చోటికే పోయింది. అప్పుడు మాత్రం నాకు భయం వేసింది. నా పుట్టుకలో అంత భయం ఎరగను.

గుంపంతా చుట్టూ మూగింది. నేను కాసేపటికి తేరుకుని చెప్పాను. "మా తమ్ముడు చెప్పింది నిజమేనే. నాకు గుండెజబ్బు ఉండాది. ఎవురూ ఏడవద్దు. నేనే పోయి చూపించుకోని వస్తా." ఊరు నన్ను జబ్బుమనిషి అన్నప్పుడు తల దించుకున్నాను. నా నోటితో నేనే చెప్పినప్పుడు తల దించుకోవాలనిపించలేదు. అది విచిత్రంగా ఉంది.

నిన్న బస్సు రాగానే ఆంజనప్ప నన్ను చూసి డ్రైవరు వెనక్కి పోయి నిలబడ్డాడు. "ఇట్లా రాప్పా. సోమవారం బెంగుళూరుకు రెండు సీట్లు పెట్టు. గుండె ఆసుపత్రికి పోవాల. ఇప్పుడు కూడా అరిచి చెప్పు, పోయినసారి మాదిరే" అన్నాను. పాపం, తల వంచుకుని టిక్కెట్ల పుస్తకం తీశాడు.

బావా నేనూ వస్తున్నాం. బస్టాండుకు మెల్లగా నడిచి రా, పరుగెత్తవద్దు. మనలో ఎవరు పడినా రెండోవాళ్ళకు ఎత్తే ఓపిక లేదు.

నీ అక్క,
ఓబక్క

*

బెంగుళూరు
2-10-1988

అక్కా,

దండాలు. మీరు క్షేమంగా చేరారని ఆంజనప్ప చెప్పాడు. ఈసారి నా చెవిలో మెల్లగా చెప్పాడు.

నువ్వు వెళ్ళాక ఇల్లు ఖాళీగా ఉంది. వార్డులో ఆయాతో నువ్వు వేసుకున్న తగువు ఇంకా చెప్పుకుంటున్నారు. పడక మీద కూర్చుని అన్నం తినిపించబోతే, "నాకు చేతులు ఉండాయి తల్లీ" అన్నావట. మొన్న నా పరీక్షకు పోతే డాక్టరు నీ గురించే అడిగాడు. పటం చూపించి జబ్బు వివరిస్తున్నప్పుడు నువ్వు ఆయనను ఆపి చెప్పావు కదా, "మా ఊరి బోరు మాదిరే గదా సార్. ఒగ బిందెకు నీళ్ళు ఇస్తాది, వరసగా పడితే దగ్గుతాది. రవ్వంత ఆగితే మళ్ళా ఇస్తాది" అని. ఆయన ఇప్పుడు పల్లెల నుంచి వచ్చిన ప్రతివాళ్ళకూ అదే చెబుతున్నాడట. "మీ అక్క నాకు పాఠం చెప్పి పోయింది" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నా ఎద ఎంత పొంగిందంటే, నొప్పేమోనని చెయ్యి పెట్టి చూసుకున్నాను.

ఇక తిట్టే వంతు నాది. ఆయన చెప్పినవి మళ్ళీ రాస్తున్నాను. నాళాలు గట్టిపడ్డాయి, అవి తిరిగి మునుపటిలా కావు. ఆపరేషను అవసరం ఇప్పటికి లేదు, మందులతో చాలాకాలం నెట్టుకురావచ్చు. రోజూ మాత్రలు మానకూడదు. పొగాకు ముట్టకూడదు. నడవచ్చు, తేలిక పని చేయవచ్చు. నొప్పి రాగానే ఆగాలి, మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి. బరువు మాత్రం ఎత్తకూడదు, అందులో గుట్ట ఎక్కుతూ అసలే కూడదు.

అందుకే అడుగుతున్నాను, ఈ పంటకు గుంపును ముత్తక్కకు ఇచ్చెయ్. బస్సెక్కాక అడిగితే కిటికీలోంచి అటు చూశావు. ఆగి ఆగి నడిచే మనిషిని గుంపు ముందర ఎవరు పెట్టుకుంటారు అక్కా? వాళ్ళు అనకముందే మనమే తప్పుకుంటే మర్యాద. నేను కుర్చీలో కూర్చోవడం నేర్చుకోలేదా?

నీ తమ్ముడు,
సంజీవప్ప

*

నిడుగల్లు
20-11-1988

సంజీవా,

దీవెనలు నీకూ, గంగాదేవికీ. మాత్రలు మానలేదు. పొగాకు మానేశాను, అందుకే రోజూ మీ బావతో జగడం. ముందు ఈ రెండూ చదివి మనసు కుదుటపరచుకో.

కుర్చీలో కూర్చోవడం నేర్చుకున్నానని రాశావు. నువ్వు నేర్చుకో నాయనా, అది నీకు మంచిదే. నాకు అబ్బలేదు. ఇంట్లో మూడు రోజులు కూర్చున్నాను. పొలం నుంచి పచ్చి చెనక్కాయ వాసన వస్తుంటే నాలుగో రోజు కూర్చోలేకపోయాను.

అయినా నువ్వు అనుకున్నట్టు మొండికి పోలేదు. హనుమంతరాయుడి ఇంటికి వెళ్ళి అరుగు కింద నిలబడి చెప్పాను. "సామీ, నాకు జబ్బు ఉండాది, దాచేది లేదు. గట్టెక్కేటప్పుడు ఆగుతా. ఆగినా మధ్యాహ్నానికి చేయాల్సింది చేస్తాం. నచ్చితే పిలువు, జాలిపడి మాత్రం పిలవద్దు." ఆయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "నువ్వు లేని తూరి విత్తనంలో సగం పప్పు పగిలింది ఓబక్కా. రేపు పొద్దున్నే రాండి" అన్నాడు. జాలి పడలేదు, లెక్క చూసుకున్నాడు. నాకు కావలసింది అదే.

చేను పీకాం. నేల మెత్తగా ఉండి చెట్టు పట్టుకుంటే కాయలు గుత్తులుగా వచ్చాయి. మూడేళ్ళ తర్వాత చేతికి మన్ను అంటిన చెనక్కాయ తగిలితే ముత్తక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాయ కోసి, ఎండబెట్టాం. ఆరిందో లేదో నన్నే కొరకమన్నారు. కుడి పక్క పళ్ళు ఉన్నాయిగా, వాటితో కొరికాను. చప్పుడు అటు నుంచి కూడా బాగానే వినిపిస్తుంది.

మొన్న ఆ పై చేనులో ఆరిన కాయను కింద కళ్ళానికి చేర్చి, మళ్ళీ ఖాళీ గంపలతో ఎక్కి రావాలి. దిగడంలో కష్టం లేదు, ఆఖరి మిట్ట ఒకటి మాత్రం నిండు గంపతో ఎక్కాలి. ఏమైనా సరే, నేను ఒట్టి చేతులతో వాళ్ళ వెనక నడవనని ముందే అనుకున్నాను. నువ్వు తిట్టుకో. గంప దగ్గరికి వెళ్ళి వంగాను. ముత్తక్కా, తిరుమణి నుంచి వచ్చిన సంజీవమ్మా ఇద్దరూ ఎత్తించారు. ఎత్తగానే తెలిసింది. గంప తేలిగ్గా ఉంది. కింద అంతా ఎండుటాకు కూరి, పైన కాయలు రెండు దోసిళ్ళు పరిచారు. పక్క నుంచి చూస్తే అన్ని గంపల్లాగే నిండుగా ఉంది.

నాకు ఒక్కసారి ఒళ్ళు మండింది. నా గంపలో తప్పుడు బరువా? విసిరి కొడదామనుకున్నాను. ముత్తక్క ముఖం చూశాను. అది ఎటో చూస్తోంది, పెదవి మాత్రం అదురుతోంది. మిగతావాళ్ళు ఎవరి గంప వాళ్ళు ఎత్తుకుంటున్నారు, ఒక్కరూ నా వైపు చూడరు. నా బరువును పంచుకున్నారు కాబట్టి వాళ్ళ గంపలన్నీ రవ్వంత ఎక్కువగానే ఉన్నాయి. నేను ఏమీ అనలేదు సంజీవా. నా బతుకులో మొదటిసారి ఏమీ అనకుండా ఎత్తుకున్నాను.

మిట్ట నడుమకు వచ్చేసరికి దవడ లాగింది. నువ్వు చెప్పినట్టే ఆగాను. మాత్ర నాలుక కింద పెట్టుకున్నాను. వెనక అడుగుల చప్పుడు కూడా ఆగిపోయింది. చూస్తే గుంపంతా నిలబడి ఉంది. నెత్తిన నిండు గంపలతో, ఆ ఎండలో, ఒకతె కొంగు సర్దుకుంటోంది, ఒకతె కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టు పాదం పైకెత్తింది, ఒకతె కోటగుట్ట మీద ఏదో కనబడినట్టు చూస్తోంది. "పోండే, నేను వస్తా" అన్నాను. "మాకూ అలుపే అక్కా" అంది ముత్తక్క.

కింద బాట మీద లారీ ఆగి ఉంది. చెనక్కాయ కొనడానికి వచ్చిన కొత్త షావుకారు, హిందూపురం మనిషి. ఈ గుంపులో గుండెజబ్బు మనిషి ఉందని ఎవరో చెప్పారట. పని నిలిచిపోతుందేమోనని ఆదుర్దా. కింద నుంచే అడిగాడు.

"మీలో జబ్బు మనిషి ఎవురమ్మా?"

ముత్తక్క గంప సర్దుకుని, "నువ్వే చూసి చెప్పప్పా" అంది.

ఆయన చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్కరినే చూశాడు. మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. నన్నూ చూశాడు. చెప్పలేకపోయాడు తమ్ముడా.

నీ అక్క,
ఓబక్క